ఉయ్యాల కట్టే చెట్టు

గుణదల,
22 జనవరి 1976

శౌరమ్మత్తకు,

ఈ ఉదయం ఒక మేస్త్రీ నన్ను వెతుక్కుంటూ మన వాకిట్లోకి వచ్చాడు. వెనక గొడ్డళ్లతో నలుగురు మనుషులున్నారు. "అర్జీ రాసిన బాబు నువ్వేనా? మా ఇంజనీరు గారు రెండుసార్లు చదివించుకున్నారంట," అని నా భుజం తట్టి, రోడ్డు పక్క చింతచెట్ల వైపు నడిచాడు.

బస్సు కొండ దాకా రావాలని మన వీధివాళ్లు నాచేత అర్జీ రాయించారు. రోడ్డు వెడల్పు చేయమని రాస్తే సరిపోయేది. "నీడనైనా ఒసగని ముదుసలి తరువులు దారికి అడ్డుగా నిలిచి ఉన్నవి" అని నేనే చేర్చాను. ఆ వాక్యం చెవికి బాగుందని ఉంచేశాను. ఏటా మేరీమాత తిరునాళ్లకు మీరు మైలవరం నుంచి బండి కట్టుకొచ్చి ఏ చెట్టు కింద దిగుతారో, పసివాణ్ణైన నన్ను ఏ కొమ్మకు ఉయ్యాల కట్టి ఊపావో నాకు తెలియదా?

సాయంత్రానికి మూడు చెట్లు పడిపోయాయి. మీ చెట్టు రేపటికి మిగిలింది. ఆపమని అడిగితే మేస్త్రీ నవ్వాడు. "రాసినోడివి నువ్వే, వద్దనేదీ నువ్వేనా బాబూ? ఇంజనీరు గారు చెబితే ఆపుతా."

జీవరత్నం వదిన పాపకు ఈసారి అదే కొమ్మకు ఉయ్యాల కడతానన్నావు. ఆ కొమ్మ ఉంటుందని మాట ఇవ్వలేను. రేపు తెల్లవారగానే, వీళ్లు పనిలోకి దిగకముందే, ఇంజనీరు గారి ఇంటికి వెళతాను. నేను రాసింది అబద్ధమని, ఆ చెట్టుకు బోలెడు నీడ ఉందని మామూలు మాటల్లో చెబుతాను.

నీ మేనల్లుడు