దాల్చినతోట, కూతురి పేర

దయామయుడూ కృపాశీలుడూ అయిన అల్లాహ్ పేరు తలచుకుని,

పశ్చిమ సుమత్రా కొండల్లోని తాలాంగ్ దారెక్ గ్రామ కాపురస్తుణ్ణి, కాలం చేసిన రాఫియా గారి కొడుకుని, జమారిస్ అనే నేను, పెళ్లినాడు పెద్దలిచ్చిన బిరుదుతో సుతాన్ పమెనాన్ అని పిలవబడేవాణ్ణి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. చూపు మందగించింది. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. బుద్ధి మాత్రం నిలకడగానే ఉంది. అనుమానమున్నవాళ్లు నిన్న మధ్యాహ్నం చదరంగంలో నా చేతిలో ఓడిపోయిన ఇమాం రుస్లీని అడగవచ్చు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆయనే. నా తదనంతరం దీన్ని అమలు జరపవలసిందీ ఆయనే.

1. ముందుగా నావి కానివి. నేను పుట్టిన ఇల్లు మా అమ్మది, ఆ తర్వాత మా అక్క దహ్నియార్‌ది, అక్క పోయాక ఆమె కూతుళ్లది. నేను కాపురం చేసిన ఇల్లు నా భార్య నుర్హానిస్ తల్లిది. రెండిళ్ల పొలాలూ అంతే. రేపు ఇది కోర్టుకెక్కితే చదివే జడ్జీగారు మా వైపు మనిషి కాకపోవచ్చు గనుక చెబుతున్నాను: మా దగ్గర ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి పోతాయి. మగవాడు పగలంతా అక్కచెల్లెళ్ల పొలంలో పనిచేసి, పొద్దు గూకాక భార్య ఇంటి మెట్లెక్కుతాడు. అతని స్వార్జితం పూర్వం మేనల్లుళ్లకు పోయేది. ఇప్పుడు కన్నబిడ్డలకూ ఇస్తున్నారు, కాని మేనల్లుళ్లు ఊఁ అనాలి. కాబట్టి పై రెండిళ్లలో ఒక్క రేకు మీద కూడా నాకు గాని, నా పేరు చెప్పుకుని మరెవరికి గాని హక్కు లేదు.

2. నా కుట్టుమిషన్ మా అక్క పెద్దకొడుకు సఫ్రిల్‌కు చెందాలి.

మీసం వచ్చిన మగవాడు కొన్నాళ్లు సంపాదనకి ఊరు విడిచి వెళ్లడం మా ఆనవాయితీ. నేను పాలెంబాంగ్ వెళ్లి బజారు వసారాలో చొక్కాలు కుట్టాను. సఫ్రిల్ పెళ్లయిన కొత్తలో నా దగ్గరికి వచ్చాడు. పని నేర్పాను. వాడికి కాజాలు కుట్టడం ఈనాటికీ సరిగా రాదు, మిగతాదంతా నాకంటే బాగా కుడతాడు. నేను ఇక చాలనుకుని ఊరికి తిరిగొచ్చేటప్పుడు మిషన్‌ని ఇద్దరం కలిసి తెచ్చాం. బస్సులు మారి, లారీ ఎక్కి, రోడ్డు ఆగిపోయేచోట నది ఒడ్డున దిగాం. వర్షం. వేలాడే వంతెనకి అప్పట్లో సగం చెక్కలు లేవు. మిషన్ వాడి నెత్తిన, ఇనప కాళ్లు నా భుజాన.

“మామయ్యా, ఇది జారిందంటే దీని వెనకే నేనూ దూకేస్తా,” అన్నాడు నడి వంతెన మీద.

“నువ్వు పోతే మీ అమ్మకి జవాబు చెప్పుకోలేను. అది పోతే మీ అత్తయ్యకి చెప్పుకోలేను. ఇద్దరూ బుద్ధిగా ఒడ్డుకి నడవండి,” అన్నాను.

వాడు నవ్వడం మొదలుపెట్టాడు, వంతెన ఊగడం మొదలుపెట్టింది. ఆ మిషన్ మీద ఈ ఊరి పెళ్లికొడుకుల బట్టలన్నీ కుట్టాను. పెడల్ కిర్రుమంటే కొబ్బరినూనె వెయ్యాలి. ఇంకే నూనెకీ లొంగదు.

3. నల్ల గొడుగు నుర్హానిస్ చెల్లెలు, నా మరదలు మర్నిస్‌కు చెందాలి. ఆమె తీసుకోనంటే ఆమె గుమ్మానికి తగిలించి రావాలి.

నుర్హానిస్ వానాకాలంలో పోయింది. గుండెలో నొప్పి అంది. కుర్చీలో కూర్చోబెట్టి ఆసుపత్రికి మోసుకెళ్లాం, వంతెన దాటకముందే అయిపోయింది. మా దగ్గర భార్య పోయిన మగవాణ్ణి ఇంట్లోంచి ఎవరూ పొమ్మనరు. అనవలసిన అవసరం రాకముందే అతనే వెళ్లిపోతాడు. ప్రార్థనలు ముగిసిన మర్నాడు నా చొక్కాలు మూటగట్టుకుని మెట్లు దిగాను. వాకిట్లో మర్నిస్ వెనక నుంచి పిలిచింది. ఉండమంటుందేమోనని ఆగాను.

“బావా, గొడుగు మర్చిపోయావు,” అంది.

ఆ మాట పెట్టుకుని ఆమెతో పలకడం మానేశాను. పెళ్లిళ్లలో ఎదురైతే తల తిప్పుకున్నాను. చాలా రోజుల తర్వాత వాన పట్టి ఆ గొడుగు తెరిచాను. ఎప్పుడో విరిగిన పుల్లకి సన్నటి తీగ చుట్టి, కొసలు గుచ్చుకోకుండా గుడ్డపేలికతో కట్టి ఉంది. ఆ ఇంట్లో అలాంటి కట్టు ఆమె ఒక్కతే కడుతుంది. నన్ను పంపించిందో, నేను తడవకుండా చూసిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. రెండూనేమో. మర్నిస్, గొడుగు బాగా పనిచేసింది.

4. నాగలికి లొంగని పై కొండవాలు మీది దాల్చినతోట. తూర్పున సెలయేరు, దక్షిణాన అడవి, పడమట నా బండరాయి, అది నాదేనని ఒప్పుకోని పొరుగువాడి కాఫీ మొక్కలు, ఉత్తరాన కాలిబాట. ఈ హద్దుల మధ్యనున్న నేల కుట్టుపని సంపాదనతో నేను కొన్నది, చెట్లు నేను నాటినవి. నా స్వార్జితమైన ఈ తోటనూ, అందులోని గుడిసెనూ నా ఏకైక కుమార్తె ఎల్ఫిదాకు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఆమె అనుభవించవచ్చు, ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. అమ్మదని తెలుసు.

ఎందుకిస్తున్నానో చెప్పాలి. భార్య ఇంటి నుంచి పుట్టింటికి వెళ్తే, అక్కడ గదులన్నీ అక్క కూతుళ్లవీ వాళ్ల మొగుళ్లవీ. అన్నం పెట్టారు, ఆదరించారు, పక్క వెయ్యడానికి మాత్రం చోటు లేదు. నా వంటి ముసలివాళ్లంతా చేరే చిన్న మసీదులో చాప పరుచుకున్నాను. ఒకసారి జ్వరం దిగలేదు. ఎల్ఫిదా వచ్చింది. ఆమె భర్త మలేసియా వెళ్లి కబురు లేకుండా పోయినవాడు. పిల్ల ఒక్కతే నా చాప చుట్టి చంకన పెట్టుకుని, నన్ను రెక్క పట్టుకుని నడిపించి వాళ్లమ్మ ఇంటి మెట్లెక్కించింది.

మర్నిస్ గుమ్మంలోనే ఉంది. “ఊళ్లో ఏమంటారే? భార్య పోయిన మగవాడు ఈ ఇంట్లో ఏ వరసన ఉంటాడు?” అంది.

“ఎవరి మొగుడిగానూ ఉండడు పిన్నీ. నాకు నాన్నగా ఉంటాడు.”

“నా ఒక్కదాని ఇల్లయితే సరే అనేదాన్ని,” అంది మర్నిస్.

“అయితే ఈయన ఒక్కడి నేల మీదికే పోతాం,” అని ఎల్ఫిదా నన్ను వెనక్కి తిప్పింది.

తోటలో గుడిసె వేసింది. చెట్టు కొట్టడం, పట్ట తీయడం, పై పొర గీకడం, ఎండలో చుట్ట చుట్టుకునేదాకా కాపలా కాయడం, అన్నీ నేర్చుకుంది. మోడుల నుంచి మళ్లీ చిగుళ్లొస్తాయి; అన్నీ ఒకేసారి కొట్టవద్దని చెప్పాను, నాకంటే ముందే గ్రహించింది.

కిందటేడు పట్ట ఎండబెట్టే రోజుల్లో సఫ్రిల్, వాడి తమ్ముళ్లూ పైకి వచ్చారు. కాఫీ ఆకుల కషాయం కొబ్బరిచిప్పల్లో పోసి ఇచ్చాను. ముట్టుకోలేదు.

“మామయ్యా, తోట కూతురికి రాసేస్తున్నావట.”

“నిజమే.”

“మాకు పెళ్లిళ్లు మాట్లాడింది నువ్వు. పాలెంబాంగ్‌లో నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది నువ్వు. ఇవాళ మేం పరాయివాళ్లమయ్యామా?”

బయట పట్ట గీకుతున్న చప్పుడు ఆగింది. ఎల్ఫిదా కత్తితోనే లోపలికి వచ్చింది. “బావా, నాన్న మసీదులో మూలుగుతున్నప్పుడు ఈ మేనల్లుళ్లంతా ఏమయ్యారు?”

సఫ్రిల్ తల వంచుకున్నాడు. “ఎక్కడికి తీసుకెళ్లమంటావ్? నేనే మా ఆవిడ ఇంట్లో పడుకుంటున్నాను. రేపు ఆవిడ పోతే నాకూ ఆ చాపే,” అన్నాడు. ఎల్ఫిదా కత్తి కింద పెట్టి, చిప్ప వాడి ముందుకి జరిపింది. వాడు అందుకుని తాగాడు. “రాసెయ్, మామయ్యా. పట్ట దించే రోజుల్లో కబురు పెడితే మోయడానికి మేం వస్తాం,” అన్నాడు. ఈ యేడు వచ్చి మోశారు. కనుక వాళ్ల సమ్మతి మాటల్లోనే కాదు, భుజాల మీద కూడా ఉంది.

5. చదరంగం బల్ల ఇమాం రుస్లీకి. నేను లేకపోతేనైనా గెలుస్తాడు. ఈ వాక్యం రాయనని మొండికేశాడు, రాయించాను.

6. నా శరీరం. నుర్హానిస్ పక్కన, వాళ్ల వంశం ఖబరస్తాన్‌లో నన్ను పెట్టమని ఆ రోజే సఫ్రిల్‌ని అడిగాను. తోట వదులుకున్నవాడు ఇదీ ఒప్పుకుంటాడనుకున్నాను.

“అది మాత్రం కుదరదు,” అన్నాడు. “బతికినన్నాళ్లూ వాళ్ల ఇంటి మనిషివి. పోయాకైనా మాకు రావా? అమ్మమ్మ పక్కన నీ చోటు అమ్మ ఎప్పుడో చూపించింది. అక్కడ ఇంకెవర్నీ పెట్టవద్దంది. అమ్మ పోయినప్పుడు ఆ చోటు వదిలేసి అవతల పెట్టాం.”

నాకు తెలియదు. నాకు చోటులేదని నేననుకుంటున్న ఇంట్లో, మా అక్క నోరు విప్పకుండా చోటు ఉంచింది. నుర్హానిస్ కూడా వాళ్లమ్మ పక్కనే ఉంది, అర్థం చేసుకుంటుంది. కనుక నన్ను మా అమ్మ పక్కనే పెట్టాలి. ఎల్ఫిదా దీని గురించి ఎవరితోనూ వాదించకూడదు.

ఇంతకుముందు నోటిమాటగా నేనెవరికైనా ఏదైనా ఇస్తానని ఉంటే అది రద్దు. చదివించుకుని విన్నాను, ఒప్పుకున్నాను.

తాలాంగ్ దారెక్, 2011 మార్చి 14.

జమారిస్ సుతాన్ పమెనాన్ (సంతకం)

సాక్షులు: బుర్హామ్, పొరుగు తోట ఆసామి (బండరాయి విషయం ఒప్పుకోకుండా సంతకం చేశాను)
తర్మిజీ, వంతెన కాపలా

రాసినది: ఇమాం రుస్లీ

మేనల్లుళ్ల సమ్మతి:
పైదంతా విన్నాను. నాకూ తమ్ముళ్లకూ సమ్మతమే. మామయ్య జనాజాని గట్టు మీది దగ్గర దారిన కాక, వాగు వెంట దిగువ దారిన తీసుకెళ్తాం. చుట్టే, కాని అత్తయ్య ఖబరు ఆ దారిలో ఉంది. అక్కడ కాసేపు దించుతాం. ఇది ఆయన అడగలేదు.
— సఫ్రిల్