అద్దానికి అవతలి కొస

ఒరేయ్ నిచ్చెనా,

నేను ఉత్తరం రాశానంటే నవ్వుతావని తెలుసు. నవ్వుకో. అద్దాల మధ్య సర్దే పాత పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్నవాడి ఉత్తరం ఇలాగే ఉంటుంది. ఫోన్ చేస్తే నీ గొంతు వినాలి. అది నా వల్ల కాదు. అందుకే ఈ కాగితం అక్క చేతికి ఇస్తున్నాను.

ముందు అసలు సంగతి. రేపటి నుంచి ఆసుపత్రికి రాకు. రోజూ కింద వరండాలో కూర్చుంటున్నావని అక్క చెబుతోంది. "నిద్రపోతున్నాడని చెప్పు" అని తనతో అనిపించేది నేనే. నాకు నిద్రా లేదు, పాడూ లేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని మేలుకునే ఉంటున్నాను. కట్టు కట్టిన నీ చెయ్యి చూడలేను. అంతే.

ఒళ్ళు మండిపోతోందిరా. పదిహేడేళ్ళ వాడికి రక్తంలో కేన్సర్ అని డాక్టరు చెప్పాడో లేదో, అందరూ మారిపోయారు. నన్ను గాడిద అని తప్ప పిలవని మేస్త్రీ మంచం పక్కన నిలబడి "బాబూ" అన్నాడు. ఆ ఒక్క మాటతో నన్ను పాడె ఎక్కించేశాడు. మన అద్దాల షాపు కుర్రాళ్ళు వచ్చి గోడకి అతుక్కుని నిలబడ్డారు. ఫ్యాను చూశారు, కిటికీ చూశారు, నా బోడిగుండు తప్ప అన్నీ చూసి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

నువ్వయితే జబ్బు బయటపడకముందే మొదలుపెట్టావు. నా చేతుల మీద నీలం మచ్చలు చూసి "ఎవడు కొట్టాడ్రా? పేరు చెప్పు" అని ఎగిరావు. అద్దాల అంచులు ఒరుసుకున్నాయన్నాను. అప్పటి నుంచి నన్ను తిట్టడం మానేశావు. మన వంతుకు చిన్న అద్దాలే వచ్చేలా చూశావు. నాకు తెలియదనుకున్నావా? నీ జాలి ఏ పూటా నా గొంతు దిగలేదు.

అందుకే బట్టల షాపు అద్దం మనమే మోద్దామని మొండికేశాను. "పట్టగలవా?" అన్నావు. "నోర్మూసుకుని ఎత్తరా" అన్నాను. వెనక్కి నడిచేది నేను, నా కళ్ళు నువ్వు. "గడప... మెట్టు... ఇంకో మెట్టు" అని చెబుతూనే ఉన్నావు. ఆ మెట్ల మీదే నా వేళ్ళలో పట్టు పోయింది. అది జబ్బని అప్పటికి తెలియదు.

మన పనిలో చేరగానే మేస్త్రీ నేర్పేది ఒక్కటే కదా. పట్టు జారితే "వదిలెయ్" అని అరవాలి, ఇద్దరూ వదిలేసి వెనక్కి దూకాలి, పడే అద్దాన్ని ఎవడూ పట్టుకోకూడదు. నాకు గుర్తుంది. మాట నోటిదాకా వచ్చింది. కానీ షాపు ముందు అంతమంది చూస్తున్నారు. అరిస్తే నాకు చేతకాదని నేనే చాటింపు వేసుకున్నట్టు. అరవలేదు. భయంతో కాదురా, సిగ్గుతో. అద్దం నా మీదికి వాలింది. దూకాల్సినవాడివి దూకకుండా నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు.

నాకు గీత కూడా పడలేదు. నీ రెండు వేళ్ళు ఇక ముడుచుకోవట. అక్క చెప్పింది.

నా దగ్గర ఏముందని నీకివ్వను? కొత్త జతగాణ్ణి చూసుకో. నన్ను ఇక్కడితో వదిలెయ్.

సిగ్గుతో,
బుడ్డోడు


ఒరేయ్ గాడిదా,

ఎడం చేత్తో రాస్తున్నా. కోడి కెలికినట్టుంటే నీ ఖర్మ, కూడబలుక్కుని చదువుకో.

నేను రోజూ వచ్చేది నీ మొహం చూడ్డానికనుకున్నావా? నా కట్టు మార్చేది ఆ వరండా పక్క గదిలోనేరా మొద్దూ. పిలిచేదాకా ఎక్కడ కూర్చోమంటావ్, నీ నెత్తి మీదా? కూర్చున్నాను కాబట్టి మీ అక్కని అడిగాను. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు, నిద్రపోతున్నాడని చెబుతూ నేలచూపులు చూస్తుంది.

ఇక రెండోది. ఇది చదివాక నువ్వే నన్ను రావద్దంటావేమో. అద్దానికి రెండు కొసలుంటాయి. ఒక కొస వదులైతే రెండో కొసకి తెలియదా? బట్టల షాపు గేటు దాటినప్పటి నుంచే బరువంతా నా వైపుకొచ్చేసింది. నీకంటే ముందే నాకు తెలుసు. "వదిలెయ్" అని నేనూ అరవచ్చు. అరిస్తే నలుగురిలో నీ పరువు తీశానని జన్మలో నాతో మాట్లాడవు. నోర్మూసుకోమన్నావు కదా, మూసుకున్నా. నా వేళ్ళు పాడుచేసింది నా పిరికితనం. అందులో నీకు వాటా లేదు.

"నా కొడుకు స్నేహితుణ్ణి కాపాడాడు" అని మా అమ్మ వీధంతా చెప్పుకుంటోంది. వింటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నా.

తిట్టడం మానేసిన మాట నిజమే. నిన్ను తిట్టాక నీకేమన్నా అయితే నాకు ఆ తిట్టే మిగులుతుందని భయం వేసింది. ఇప్పుడు చూడు: పొగరుబోతు, మొండివెధవ, బోడిగుండు. ఇంకా చాలా ఉన్నాయి. పైకి రానిస్తే ఎదురుగానే తిడతా.

నిచ్చెన


నిచ్చెనా,

బోడిగుండు దగ్గర పగలబడి నవ్వాను. ఏడుస్తున్నాననుకుని నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. అదీ చేస్తున్నానులే.

సిగ్గు పోలేదురా. నీ చెయ్యి తలుచుకున్నప్పుడల్లా వస్తుంది. నీ పిరికితనంలో నాకు వాటా లేదంటే ఊరుకోను, ఉంది. సిగ్గు వస్తే రానీ. ముఖం మీద దుప్పటి లేకుండా ఆ చెయ్యి చూస్తాను.

నాకు ఏదైనా అంటుకుంటుందని ఇప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. తలుపు పక్కన అద్దం ఉంది, అందులోంచి చూసుకోవచ్చు. ఎవడు బిగించాడో గానీ పుట్టీ అంతా పెచ్చులు లేచింది. తలుపు వేసినప్పుడల్లా ఒక మూల గలగలమంటుంది. మన మేస్త్రీ చూస్తే వాడి చెవి మెలిపెడతాడు. నువ్వొచ్చి చూసి తిట్టు.

రేపు మళ్ళీ మందు ఎక్కిస్తారు. పోయినసారి కంటే గట్టిదట. అమ్మతో ఏం ఫర్వాలేదన్నాను. అక్కతోనూ అదే అన్నాను. నీతో అనను. మళ్ళీ వెనక్కే నడుస్తున్నానురా, వెనకాల మెట్టుందో గొయ్యుందో తెలియడం లేదు. చేతుల్లో పట్టు లేదు.

ఆ రోజు మింగేసిన అరుపు ఇప్పుడు అరుస్తున్నాను. జారిపోతోందిరా.

కానీ వదిలెయ్యకు.

నీ
బుడ్డోడు