డాబా ఎక్కిన కుర్చీ

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకుండా చదువు.

నిన్న మా పదో తరగతికి వీడ్కోలు సభ జరిగింది. స్కూల్లో మరిచిపోలేని రోజేదో ఒక్కొక్కరూ చెప్పాలన్నారు. నిరుడు ఎవరో హెడ్మాస్టరు గారి కుర్చీని డాబా ఎక్కించారు. ఎంత అడిగినా అప్పుడు ఒక్కడూ నోరు విప్పలేదు. నిన్న మొదటి బెంచీవాడు లేచి, "ఆ కుర్చీ ఎక్కించింది నేనే సార్" అనగానే హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. ఆ తర్వాత లేచినవాడల్లా తనే ఎక్కించానన్నాడు. ఊపులో నేనూ అనేశాను. హెడ్మాస్టరు గారు అందరితో పాటు నవ్వి, "ఎక్కించినవాళ్ళంతా ఇంట్లోవాళ్ళని తీసుకొచ్చి టీసీ పట్టుకెళ్ళండి" అన్నారు.

నిరుడు కుర్చీ డాబా ఎక్కిన వారమంతా నేను గవదబిళ్ళలతో ఇంట్లోనే ఉన్నాను కదా, కాపడం పెట్టింది నువ్వే. సోమవారం వచ్చి ఆ మాట ఆయనకి చెప్పు. నాన్నని పంపకు, ఆయన రహస్యం చెబితే వీధి చివరిదాకా వినబడుతుంది. వచ్చేటప్పుడు నా నీలం చొక్కా తీసుకురా. తమ్ముడు నా సైకిలు ముట్టుకుంటున్నాడా? నానమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? ఆవిడకి నా దణ్ణాలు.

గవదబిళ్ళల సంగతి మాత్రం హెడ్మాస్టరు గారి చెవిలోనే చెప్పు. అందరికంటే ఎక్కువ చప్పట్లు నాకే పడ్డాయి. బయటికొచ్చాక, మావాళ్ళంతా వింటుండగా, కుర్చీ ఎందుకెక్కించావురా అని నన్ను గట్టిగా నాలుగు తిట్టు.

నీ పెద్దోడు