మావయ్యగారి డిస్కు పరీక్ష

అన్నయ్యా,

నువ్వు పంపిన రెయిడ్ కార్డు మా ఫొటో స్టూడియో కంప్యూటర్లో నేనే బిగించాను. విరుగుతుందేమోనని మొదట మెల్లగా నొక్కితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టనే లేదు. "నీవల్ల కాదమ్మా, మెకానిక్కుని పిలుద్దాం" అన్నారు మావయ్యగారు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ కరెంటు తీసేసి గట్టిగా నొక్కాను. టక్కుమని కూర్చుంది!

ఇప్పుడు ఆ కార్డు వల్ల ప్రతి ఫొటో ఒకేసారి రెండు డిస్కుల్లోనూ పడుతోంది. నిరుడు డిస్కు పాడై, ఎవరిదో పెళ్లి ఫొటోలు పోయి తిన్న తిట్లు ఇక ఉండవు. ఒకటి పోయినా రెండోది కాపాడుతుందని మావయ్యగారికి చెప్పడమే నా పొరపాటు. "ఏదీ, చూద్దాం" అంటూ, కంప్యూటర్ నడుస్తుండగానే ఒక డిస్కు బయటికి లాగేశారు. కార్డు కుయ్యోమని మొత్తుకుంది. ఫొటోలు మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పట్నుంచీ స్టూడియోకి ఎవరొచ్చినా డిస్కు లాగి చూపిస్తున్నారు. తిరిగి పెట్టాక ఫొటోలన్నీ దాంట్లోకి మళ్లీ ఎక్కడానికి పూటంతా పడుతోంది. ఈలోగా రెండోది కూడా పోతే మా కొంప మునిగినట్టే. నా మాట వినరు. నువ్వైనా ఫోన్ చేసి చెప్పు.

మరీ గట్టిగా మాత్రం చెప్పకు. లాగే ముందు ప్రతిసారీ "మా కోడలు బిగించింది, చూడండి" అంటున్నారు.

నీ చెల్లి