సైకిలుతో, సైకిలు మీద

నేలకు ఎనభై అడుగుల ఎత్తున కూర్చునే నా క్రేన్ దొరసానికి,

ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ క్షేమం. వంటింటి కిటికీ గడియ ఊడిపోయింది గానీ దాన్ని కూడా క్షేమం కిందే జమకట్టుకున్నాం. ఆ లోయలో, సగం కట్టిన ఆ వంతెన పక్కన నువ్వు వేళకు తింటూ, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పైకెక్కకుండా, కులాసాగా ఉన్నావని తలుస్తాను. అక్కడికి ఫోను అందదంటే మొదట్లో బెంగగా ఉండేది. ఇప్పుడు సరుకుల లారీలో వారానికోసారి వచ్చే నీ ఉత్తరానికి అలవాటు పడిపోయాను. ఫోనులో అయితే రెండు మాటలు మాట్లాడి పెట్టేసేదానివి. ఉత్తరంలో నాలుగు పేజీలు కేకలేస్తున్నావు.

పోయిన ఉత్తరంలో సైకిలు గురించి తొమ్మిది ప్రశ్నలు, నా గురించి ఒకటీ అడిగావు. ముందు సైకిలు సంగతి రాస్తాను.

హెల్మెట్ రోజూ పెట్టుకుంటున్నాను. గుమ్మం దాటకముందే పెట్టుకుంటున్నాను. గడ్డం కింద పట్టీ నువ్వు చెప్పినట్టే రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉంచాను. నువ్వు కొనిచ్చిన ఆ నిమ్మపండు రంగు మెరిసే కోటు కూడా వదలడం లేదు. మొన్న అది వేసుకుని కూడలిలో ఆగితే ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి ఈ రోడ్డు తవ్వకం ఎప్పటికి పూర్తవుతుందని నిలదీశారు. వచ్చే వారమని చెప్పాను. పాపం, సంతోషించి వెళ్ళారు.

దిగుడులో బ్రేకు కీచుమంటోందా అన్నావు. ఈ ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. సీటు ఎత్తు సరిపోయిందా అన్నావు. సీటు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కార్లవాళ్ళు మీదమీదకి వస్తున్నారా అన్నావు. వాళ్ళ జోలికి నేను పోను, కాలిబాటకు బాగా దగ్గరగా ఉంటాను. దుకాణానికి ఎంతసేపు పడుతోందన్నావు. యాభై నిమిషాలు. నువ్వు పన్నెండు నిమిషాల్లో వెళ్ళేదానివని తెలుసు. నేను జాగ్రత్తపరుణ్ణి.

పార్సిల్ అందింది. లోపల దిండు కుట్టిన ఆ నల్ల నిక్కరు గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. ఉతికి దండెం మీద ఆరేస్తే మీ అమ్మగారు చాలాసేపు దాని చుట్టూ తిరిగి, చివరికి నన్ను పక్కకు పిలిచి, ఆరోగ్యం ఎలా ఉంది, డాక్టరుకు చూపించుకున్నారా అని మెల్లగా అడిగారు. ఇది సైకిలు తొక్కేవాళ్ళ సుఖం కోసం కుట్టిందని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా, ఆ నిక్కరు కనిపెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి. దాన్ని ప్యాంటు లోపల వేసుకుని దుకాణంలో నా ముక్కాలిపీట మీద కూర్చుంటే, రోజంతా కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసినా నడుం నొప్పి అనే మాట లేదు. మా యజమానురాలు ఈమధ్య నేను పనిలోంచి లేవడమే లేదని మెచ్చుకున్నారు కూడా.

ఇక అద్దె స్కూటర్ల సంగతి. మన ఊళ్ళోకీ వచ్చాయటగా అని అడిగావు. వచ్చాయి. నిలబడి నడిపేవి, ఫోనుతో తాళం తీసేవి. దిగినవాళ్ళు దిగినచోటే వదిలేసి పోతారు. రోజూ పొద్దున్న మా దుకాణం మెట్ల మీద రెండైనా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిని లేపి గోడకు ఆనించాకే షట్టరు తీస్తాం. నేనూ ఒకసారి ఎక్కాను. ఒక కాలు పలక మీద, ఒక కాలు నేల మీద పెట్టి, ఎందుకైనా మంచిదని చాలా నెమ్మదిగా పోనిచ్చాను. చక్రాల సంచీ లాక్కుంటూ కూరగాయలకు వెళుతున్న ఒకావిడ నన్ను దాటిపోయారు. దాటిపోతూ, కోలుకుంటున్నారా అని పరామర్శించారు. ఫైరింజన్ల ఆఫీసు ముందుకు రాగానే స్కూటరు ఉన్నపళంగా ఆగిపోయింది. ఎవరో అమ్మాయి గొంతుతో, మీరు హద్దు దాటారు, వెనక్కి వెళ్ళండి అని అందరికీ వినపడేలా చెప్పింది. కంపెనీవాళ్ళ హద్దు బయట వదిలేద్దామంటే ఫోను ఒప్పుకోదు, అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఫైరింజన్లవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడి చూస్తుండగా, అది అదే మాట అంటూ ఉండగా, ఆరువందల అడుగులు వెనక్కి తోసుకుంటూ వెళ్ళాను. చక్రాలున్నది ఏదైనా సరే, తోసుకుపోవడమే నా నుదుట రాసి ఉందేమో.

అంత చక్కని సైకిలు ఇంట్లో ఉండగా స్కూటరెందుకు ఎక్కానని నువ్వు అడుగుతావు. చెబుతాను. కానీ ముందు నీ ఉత్తరంలోని మూడో పేజీ సంగతి చూడాలి.

పందొమ్మిదో తారీకున సెలవు మీద వస్తున్నానని రాశావు. చదవగానే ఎగిరి గంతేశాను. ఆ కిందనే, నా ఉత్తరాలు మీ భోజనశాల గోడకు అంటించానని రాశావు. అక్కడితో నా గంతు ఆగిపోయింది. యాభయ్యేళ్ళ మనిషి వానలో కూడా సైకిలు మానలేదని చదివి మీ వెల్డర్లలో ఏడుగురు సైకిళ్ళు కొన్నారట. మీ వంటాయన సిగరెట్లు మానేశాడట. నువ్వు వచ్చాక మనిద్దరం పక్కపక్కన సైకిళ్ళ మీద ఏటిగట్టు దాకా వెళ్ళాలట, ఫోటో తీసి వాళ్ళకు పంపాలట.

అందుకని, ఈ ఉత్తరం ఎవరికీ వినపడకుండా చదువు. చదివాక గోడకు అంటించకు.

నాకు సైకిలు తొక్కడం రాదు.

మరచిపోవడం కాదు. ఎన్నడూ రాలేదు. చిన్నప్పుడు మాది నాలుగో అంతస్తు, ఇంట్లో సైకిలు లేదు. పన్నెండేళ్ళు వచ్చేసరికి తోటివాళ్ళంతా తొక్కుతున్నారు, నాకు రాదని చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. ఆ తర్వాత నువ్వు కనిపించావు. నీకు గుర్తుందో లేదో, నేను దుకాణం గుమ్మంలో నిలబడి ఉన్నాను. నువ్వు ఆ ఎత్తు రోడ్డు మీంచి, హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులతో జుట్టు ముడి వేసుకుంటూ దిగి వచ్చావు. కంట్లో దుమ్ము పడకుండా ఏదైనా కళ్ళజోడు కావాలన్నావు. ముక్కు కొలత తీసుకుంటుంటే, మీరూ తొక్కుతారా అని అడిగావు. నేను ‘ఊ’ అన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క ‘ఊ’ని ఇరవై రెండేళ్ళు లాక్కొచ్చాను. నా మోకాలి నొప్పి ఆదివారాలు మాత్రమే ఎందుకొస్తుందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

నువ్వు వెళ్ళేరోజు, చైను తుప్పు పట్టకూడదు, రోజూ దీని మీదే దుకాణానికి వెళ్ళండి అని నీ సైకిలు నా చేతికిచ్చావు. అప్పుడైనా చెప్పాల్సింది. బస్సు కదిలిపోయింది. మర్నాటి నుంచి హెల్మెట్, గ్లవ్సు, కోటు అన్నీ తగిలించుకుని, దాన్ని తోసుకుంటూ దుకాణానికి వెళుతున్నాను, సాయంత్రం తోసుకుంటూ వస్తున్నాను. ఏడు నెలలుగా. కావాలంటే ఆ గోడ మీది ఉత్తరాలు మళ్ళీ చదువు. ఎక్కడా ‘సైకిలు మీద వెళ్ళాను’ అని రాయలేదు. ‘సైకిలుతో వెళ్ళాను’ అనే రాశాను. అబద్ధం రాయకూడదని నా పట్టుదల.

దారిలో అందరూ మంచివాళ్ళే కావడం నా ప్రాణం మీదికొచ్చింది. పంక్చరేమో అని పంపులు పట్టుకుని ఎదురొచ్చేవాళ్ళు. కూడలిలో మన గాలి డాక్టరు, అదే, ఆ రిపేరు దుకాణమతను, మొదటి నెలంతా నన్ను పిలిచి ఊరికే గాలి కొట్టాడు. రెండో నెలలో సైకిలు చుట్టూ తిరిగి చూసి, టైర్లు బాగానే అరిగాయి సార్, బ్రేకులు మాత్రం కొంచెం కూడా అరగలేదు, సీటైతే పెళ్ళికూతురిలా ఉంది అన్నాడు. ఆ మర్నాడే అతని కంట పడకుండా ఉండాలని స్కూటరెక్కాను. ఆ తర్వాత జరిగింది రాశాను కదా.

పట్టుకున్నది మాత్రం మీ అమ్మగారు. ఐదు వారాల క్రితం భోజనం డబ్బా మరచిపోయి బయల్దేరాను. ఆవిడ డబ్బా పట్టుకుని నా వెనకాలే వచ్చారు. స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు డ్రిల్లు చెప్పిన మనిషి, ఆ నడక నీకు తెలుసుగా. రెండో మలుపులోనే అందుకున్నారు.

“పంక్చరా బాబూ?” అన్నారు.

“కాదండీ.”

“చైను ఊడిందా?”

“లేదండీ.”

ఆవిడ నా పక్కనే దుకాణం దాకా నడిచారు. మెట్ల దగ్గర డబ్బా నా చేతికిస్తూ, “ఎప్పట్నుంచి రాదు?” అన్నారు.

“పుట్టినప్పట్నుంచీ అండీ.”

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “రేపు ఆరింటికి లేవండి” అని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు గాలి డాక్టరు చేత పెడళ్ళు ఊడదీయించారు, సీటు కిందికి దింపించారు. మూతపడిన ఫర్నిచర్ గోడౌను ముందు ఖాళీ స్థలం ఉందే, అక్కడికి నడిపించారు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఆ చివరి దాకా వెళ్ళి రావాలి. మెడలో ఈల. పాఠం మొదలయ్యాక ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. అత్తగారు నన్ను నువ్వనడం ఇదే మొదటిసారి. ఎందుకో నాకు బాగుంది. వెనక సీటు పట్టుకోండి అని బతిమాలితే, పట్టుకుంటే నువ్వు నన్ను నమ్ముతావు, సైకిల్ని నమ్మవు అన్నారు. తొమ్మిదిసార్లు పడ్డాను. నా కళ్ళజోడు రెండుసార్లు విరిగింది. ఒకసారి కంచెలో పడితే ముళ్ళు తీస్తూ, మా అమ్మాయి కూడా తొమ్మిదో ఏట ఇలాంటి కంచెలోనే పడింది, రెండు రోజులు సైకిలు ముఖం చూడలేదు అని చెప్పారు. నువ్వు పుట్టడమే హ్యాండిల్ వదిలేసి పుట్టావనుకున్నాను నేను.

మూడో వారం పెడళ్ళు తిరిగి వచ్చాయి. పోయిన మంగళవారం పొద్దున్న, గోడౌను తలుపు నుంచి ఆ చివర దీపస్తంభం దాకా, కాలు దించకుండా వెళ్ళాను. ఏమైందో నాకే తెలియదు. కాళ్ళు తిరుగుతున్నాయి, నేల నా కింద నుంచి పోతోంది, చెవుల్లో గాలి. స్తంభాన్ని గుద్దుకుని ఆగాను. వెనక్కి చూస్తే మీ అమ్మగారు ఈల ఊదడం మరచిపోయి నిలబడి ఉన్నారు. నువ్వు ఇన్నేళ్ళూ దీని మీద నుంచి దిగమంటే ఎందుకు దిగేదానివి కాదో ఆ నిమిషంలో తెలిసింది. నాకు కొంచెం ఏడుపొచ్చింది. గ్లవ్సుతో తుడుచుకున్నాను.

నీకు ఉత్తరం రాయమని ఆవిడే పట్టుబట్టారు. మీరే చెప్పెయ్యకూడదా అంటే, “అది నువ్వు దాచింది. నువ్వే చెప్పాలి” అన్నారు.

నువ్వు నవ్వుతావని నాకు భయం లేదు. పన్నెండు టన్నుల దూలాన్ని వేలెడు సందులో దించే మనిషివి, మొగుడు సైకిలు తోసుకుపోతున్నాడంటే నవ్వకుండా ఎలా ఉంటావు? నా భయం వేరే. ఇరవై రెండేళ్ళలో నేను అన్న మిగతా ‘ఊ’లన్నీ తీసి, ఇది నిజమా, ఇది అబద్ధమా అని ఒక్కొక్కటే చూసుకుంటావేమోనని. చూసుకో. ఎక్కడ అనుమానమొస్తే అక్కడ అడుగు. కానీ ఈ వంతెన పనికి వెళ్ళనా అని నువ్వు అడిగిన రోజు నేనన్న ‘ఊ’ మాత్రం నిజం. ఇల్లు బోసిపోతుందని తెలిసే అన్నాను.

నా గురించి అడిగిన ఆ ఒక్క ప్రశ్న, ఒంటరిగా అనిపిస్తోందా అని. అనిపిస్తోంది.

మీ వెల్డర్లకు ఏం చెబుతావో నీ ఇష్టం. సైకిళ్ళు మాత్రం అమ్మేయొద్దని చెప్పు. వంటాయనకు అసలు చెప్పకు, మళ్ళీ సిగరెట్లు మొదలుపెడతాడు.

పందొమ్మిదిన బస్టాండుకు నేను సైకిలు మీద వస్తాను. మీదే. ఒక్కటే ఇబ్బంది. నాకు ఇంకా ఎడమవైపు తిరగడమే వచ్చు. కుడికి తిరగాలంటే వెనక్కి చూడాలి, చెయ్యి చాపాలి, నేను తల ఎటు తిప్పితే హ్యాండిల్ అటే పోతోంది. అందుకని అన్నీ ఎడమ మలుపులే ఉండే దారి ఒకటి వెతికాను. కిలోమీటరున్నర దూరానికి నాలుగు కిలోమీటర్లు అవుతుంది. రెండుసార్లు వెళ్ళి చూసుకున్నాను, చేరుతోంది. నేను కనబడటం కాస్త ఆలస్యమైతే కంగారుపడకు, ఎక్కడో ఎడమకు తిరుగుతూ ఉంటాను.

కుడి మలుపు వచ్చే వారం నేర్పుతానని మీ అమ్మగారు అన్నారు. నేను వద్దన్నాను. అది నువ్వు నేర్పాలి.

ఇట్లు,
ఇక దాచడానికి ఏమీ మిగలని
నీ భర్త