దూలంలో నములుడు

ఆసిఫాబాద్,
9-8-1957

కొండల్ బావకు నమస్కారాలు.

ముత్తక్కకు దయ్యం పట్టిందని మీరు జమ్మికుంట నుంచి పుట్టింటికి పంపించి నెల కావస్తోంది. ఇక్కడ జరిగింది మీకు తెలియాలి.

అక్క ఎవరి ముఖమూ చూసి మాట్లాడదు. నలుగురు కూడితే చెవులు మూసుకుంటుంది. వచ్చినప్పటి నుంచి వంటింటి దూలం కింద నిలబడి, "లోపల నములుతున్నయి" అనేది. అవ్వ భయపడి భూతవైద్యుణ్ణి పిలిపించింది.

మంగళవారం పొద్దున ఆయన వంటింట్లోనే ముగ్గు వేసి డప్పు కొట్టించాడు. అక్క కేకలు పెట్టింది. ఆమె కదలకుండా చేతులు పట్టుకున్నది నేనే, బావా. డప్పు ఆగగానే అక్క పైకి చూసి మెల్లగా, "నములుడు బందైంది. బయటికి పోదాం, అవ్వా" అంది.

ఆ గొంతు విని ఆమె చేతులు వదిలేశాను. అందరం ఆమె వెంట వాకిట్లోకి వచ్చాం. వెనకాల దూలం విరిగి, గూనపెంకులన్నీ ఆ ముగ్గు మీద కూలాయి. చూస్తే దూలం లోపలంతా చెదలు తిని డొల్లగా ఉంది; నమలడానికి ఇక ఏమీ మిగల్లేదు.

అక్కకు ఏ దయ్యమూ లేదు. మనకు వినిపించనివి ఆమెకు వినిపిస్తాయి. అందుకే డప్పు, గుంపు ఆమెకు దెబ్బల్లా తగులుతాయి. ఇకపై బలవంతంగా పట్టుకోనని, ముఖం చూసి మాట్లాడమని అడగనని ఆమెకు మాటిచ్చాను. మీరూ ఆ మాట ఇస్తేనే పంపిస్తాను.

"బావకు ఏం రాయాలె?" అని అడిగాను.

"మంచం బయట ఏసుకొమ్మను. జమ్మికుంట ఇంట్ల గూడ నములుతున్నయి. చెప్పిన. ఇనలే" అంది.

ఇది చదువుతున్నది ఇంట్లోనే అయితే, ముందు బయటికి రండి.

మీ బామ్మర్ది