నా చేతుల విషయమై అక్కకు మనవి

గుంటూరు

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సువార్త వందనాలతో రాయునది. అమ్మ మోకాళ్ళు, బావగారి దగ్గు ఏ స్థితిలో ఉన్నదీ విడివిడిగా తెలుపగలవు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మందులు, అన్నం రెండూ వేళకే జరుగుతున్నాయి.

ఉద్యోగం మాని పర్చూరు వచ్చెయ్యమన్న నీ ప్రతిపాదన పరిశీలించాను. ఫోనులో అయితే నీవు ఏడుస్తావు గనుక లిఖితపూర్వకంగా బదులిస్తున్నాను.

నీకు తెలిసిందే: నా ఒంట్లోని రక్షణ శాఖ నా కీళ్ళనే చొరబాటుదారులుగా ప్రకటించింది. ఉదయం పదింటివరకు వేళ్ళు ముడుచుకునే ఉంటాయి. మిర్చి షెడ్డులో బస్తాలకు చీటీలు రాసే మనిషికి ఇది శోభించదని, మూడు నెలలు చేతులు పమిట కింద దాచి గోప్యత పాటించాను.

తొడిమలు తీసే మరియమ్మ గారు ఆ గోప్యతను ఒక్క చూపుతో రద్దు చేశారు.

"ఏందమ్మాయ్, పిడికిలి బిగించుకు కూచున్నావ్, ఎవర్ని కొడతావ్?"

"చలికండీ."

"మిరపకాయల ఎండలో చలా? అబద్ధాలాడమాకు. ఇయ్యి చూడు."

ఆవిడ వేళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. పన్నెండేళ్ళ నుంచి ఇదే జబ్బట. ఉదయం తొడిమ తుంచలేరు గనుక, తెల్లబారిన తాలుకాయలను అరచేతి అంచుతో పక్కకు నెడతారు. ఎండెక్కాక తొడిమలకు వస్తారు. ఈలోగా పక్కనున్నామె అడక్కుండానే ఆవిడ జుట్టు ముడివేస్తుంది. ఈ ఏర్పాటు ఏ కాగితం మీదా లేదు. నేను నోరు తెరుచుకు చూశాను.

"బాధ లేదా అండీ?"

"ఎందుకు లేదూ? మొదట్లో రోజూ ఏడ్చా. ఇది రాకముందు మంచినీళ్ళు కూడా ఎవర్నీ అడగలా నేను. అంత బిర్రు. ఇప్పుడు అడుగుతా. ఇస్తారే పిచ్చిమొహమా!"

అక్కా, ఎం.ఏ. చదివిన నాకు ఏ ఆచార్యుడూ ఇంత నేర్పలేదు. సముద్రాన్ని మొదటిసారి చూసినట్టు ఆవిడను చూశాను.

మర్నాడు గుమాస్తాగారికి నిజం చెప్పి, ఉదయం సరుకు చూస్తానని, మధ్యాహ్నం చీటీలు రాస్తానని అడిగాను. ఆయన తెల్లబోయారు.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా! పొద్దున్నే నమస్కారం కూడా పెట్టదు, ఎంత పొగరో అనుకున్నా."

కోరిక మంజూరైంది. కాబట్టి నేను రావడం లేదు. నొప్పి తగ్గలేదు; భయం తగ్గింది.

అమ్మకు, బావగారికి నా వందనాలు. మీ ప్రార్థనలో నన్ను తలచుకోండి. ఈ ఉత్తరంతో నాలుగు జాకెట్లు పంపుతున్నాను. వాటి హుక్కులు నేను పెట్టుకోలేకపోతున్నానక్కా. తీసేసి, పెద్ద బొత్తాలు కుట్టి పంపవా?

నీ చెల్లెలు
సువార్త